ట్రౌట్ తినే నీటిపురుగులు, వాటికి దీటుగా కట్టే ఫ్లైలు: తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఉంటూ ఫ్లై ఫిషింగ్ (పురుగు బొమ్మతో ట్రౌట్ చేపల్ని పట్టడం) మొదలుపెట్టిన తెలుగువాళ్ళకి పనికొచ్చే ప్రశ్నలివి. ఇందులోని నెలలూ పురుగుల పేర్లూ క్యాట్‌స్కిల్ కొండల్లోని బీవర్‌కిల్, విల్లోవీమాక్, డెలావేర్ నదులకీ, పెన్సిల్వేనియా వాగులకీ సరిపోతాయి. మోంటానా వైపు వెళ్తే పురుగుల కుటుంబాలు ఇవే ఉంటాయి గానీ జాతులూ తేదీలూ మారిపోతాయి.

వానపాము ఎరకీ ఫ్లైకీ తేడా ఏమిటి?

ఫ్లై అంటే హుక్కు మీద దారం, ఈకలు, జంతువుల బొచ్చు చుట్టి చేసిన పురుగు బొమ్మ. దానికి వాసనా లేదు, రుచీ లేదు. చేప దాని ఆకారాన్ని, ప్రవాహంలో అది కదిలే తీరుని చూసి నోట పెట్టుకుంటుంది. తేడా తెలియగానే ఉమ్మేస్తుంది. ఆ నీటిలో ఆ గంటకి ఏ పురుగు ఏ దశలో ఉందో తెలియనిదే ఏ ఫ్లై వేయాలో తేలదు.

ఎన్ని రకాల పురుగులు గుర్తుపట్టాలి?

నాలుగు. మేఫ్లై, క్యాడిస్, స్టోన్‌ఫ్లై, మిడ్జ్. ముందుగా రెక్కలు చూడండి. వాలినప్పుడు రెక్కలు రెండూ కలిపి వీపు మీద నిట్టనిలువుగా పెట్టుకునేది మేఫ్లై. రెక్కల్ని ఇంటి కప్పులా రెండువైపులా వాల్చుకునేది క్యాడిస్. వీపు మీద చదునుగా ఒకదానిపై ఒకటి మడిచిపెట్టుకునేది స్టోన్‌ఫ్లై. దోమలా ఉండి, కుట్టకుండా, రెండే రెక్కలున్న బుల్లి పురుగు మిడ్జ్. తూనీగ పిల్లల్ని కూడా ట్రౌట్ తింటుంది గానీ, పారే నీటిలో ఈ నాలుగూ తెలిస్తే రోజు గడిచిపోతుంది.

నీళ్ళలో రాయి తిప్పితే కనిపించే పురుగు ఏదో ఎలా చెప్పాలి?

రాయిని మెల్లగా ఎత్తి అడుగుభాగం చూడండి. పొట్ట పక్కల చిన్న ఆకుల్లాంటి మొప్పలు అల్లాడుతూ, ప్రతి కాలి చివరా ఒకే గోరు ఉంటే మేఫ్లై నింఫ్, అంటే రెక్కలు రాకముందు నీటిలో పెరిగే పిల్ల పురుగు. తోకలు సాధారణంగా మూడు, కొన్నిటికి రెండే. రెండు తోకలు, కాలికి రెండేసి గోళ్ళు, పొట్ట పక్కన మొప్పలు లేకపోవడం స్టోన్‌ఫ్లై లక్షణాలు. ఇసుక రేణువులతోనో పుల్లలతోనో కట్టుకున్న గొట్టంలో దాక్కున్నది క్యాడిస్ లార్వా. గొట్టం లేకుండా ఆకుపచ్చ రంగులో పాకే క్యాడిస్‌లూ ఉన్నాయి, రాళ్ళ మధ్య చిన్న వల అల్లుకుని కొట్టుకొచ్చిన తిండిని పట్టుకునేవీ ఉన్నాయి. కాళ్ళు లేకుండా సన్నగా, ఎర్రగానో నల్లగానో మెలికలు తిరిగేది మిడ్జ్ లార్వా.

మేఫ్లై నింఫ్ ఒంటి తీరు అది బతికే చోటు కూడా చెప్పేస్తుంది. బల్లపరుపుగా ఉన్నది వడి నీటిలో రాయిని కరుచుకుని ఉంటుంది. సన్నగా కోలగా ఉన్న బేటిస్ అనే రకం ఈదుతుంది. దంతాల్లాంటి కొమ్ములు ముందుకి పొడుచుకొచ్చినది బురదలో బొరియ తవ్వుకుని ఉంటుంది. కాబట్టి రాళ్ళే ఉన్న వాగులో బురద పురుగు ఫ్లై వేయడం దండగ.

చూసిన రాయిని అదే వైపు తిప్పి, తీసిన చోటే పెట్టేయండి. దాన్ని గట్టున పడేస్తే దానిమీదున్నవన్నీ ఎండి చస్తాయి.

నింఫ్, ఎమర్జర్, డన్, స్పిన్నర్ అంటే ఏమిటి?

అన్నీ మేఫ్లై జీవితంలో దశలే. గుడ్డు నుంచి వచ్చిన నింఫ్ చాలా జాతుల్లో ఏడాదిపాటు నీటి అడుగునే ఉంటుంది. కాలం రాగానే పైకి తేలి, నీటి పొరకి అంటుకుని, వీపు చీల్చుకుని బయటికొస్తుంది. ఆ బయటికొచ్చే క్షణాల్లో దాన్ని ఎమర్జర్ అంటారు. పాత తొక్క ఇంకా తోకకి వేలాడుతూ ఉంటుంది, రెక్కలు నలిగి ఉంటాయి, ఎగరలేదు. చేపకి అంతకంటే తేలికైన తిండి దొరకదు. రెక్కలు విప్పుకుని నీటి మీద తేలుతూ పోయేది డన్. దాని రెక్కలు మబ్బుగా, గాజు నునుపు లేకుండా ఉంటాయి. అది చెట్ల మీదికి ఎగిరిపోయి మళ్ళీ ఒకసారి పొర విడుస్తుంది. రెక్కలొచ్చాక కూడా పొర విడిచే కీటకం మేఫ్లై ఒక్కటే. అలా వచ్చిన మెరిసే, పారదర్శకమైన రెక్కల పురుగే స్పిన్నర్. దానికి తినే నోరు పనిచేయదు. జతకట్టి, గుడ్లు పెట్టి, రెక్కలు రెండుపక్కలా చాచుకుని నీటిమీద పడిపోతుంది.

క్యాడిస్‌కి నింఫ్ ఉండదు. లార్వా, ప్యూపా, పెద్ద పురుగు అనే మూడు దశలు. ప్యూపా అడుగునుంచి వేగంగా పైకి వస్తుంది. స్టోన్‌ఫ్లై నింఫ్‌లు మాత్రం ఎక్కువగా గట్టుకో రాళ్ళమీదికో పాక్కుంటూ వచ్చి అక్కడ రెక్కలు విప్పుకుంటాయి. ఒడ్డు రాళ్ళమీద ఎండిన గుల్లలు కనిపిస్తే నడి ఏట్లోకి విసరకుండా అంచుల్లోనే వేయండి.

చేప ఏ దశని తింటోందో పైనుంచి ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. జాతి పేరు తప్పు చెప్పినా చేప దొరుకుతుంది, దశ తప్పితే దొరకదు.

చేప పైకి వచ్చినప్పుడు నీరు ఎలా కదిలిందో చూడాలి. నీళ్ళు చిమ్ముతూ, ఒక్కోసారి చేప ఒళ్ళంతా గాల్లోకి లేస్తే అది పారిపోతున్నదాన్ని తరిమింది. చాలాసార్లు క్యాడిస్ ప్యూపా. ముక్కు మాత్రం పైకొచ్చి, వలయం మధ్యలో ఒక గాలి బుడగ మిగిలితే నీటిమీద తేలేదాన్ని మింగింది. పురుగుతో పాటు మింగిన గాలి మొప్పల్లోంచి అలా బయటికొస్తుంది. వీపూ తోకా కనిపించి, నోరు కనిపించక, బుడగ కూడా లేకపోతే పొర కిందే ఎమర్జర్లని తింటోంది. పొద్దు వాలాక నీటిమీద ఏమీ కనిపించకుండా, చప్పరించినట్టు చిన్న చిన్న వలయాలు ఒకే చోట వరసగా వస్తుంటే అవి స్పిన్నర్లు. చదునుగా పడి ఉంటాయి కాబట్టి మన కంటికి ఆనవు.

అనుమానం తీరకపోతే ఒక డన్‌ని ఎంచుకుని, అది చేప ఉన్న చోటికి తేలివెళ్ళేదాకా చూపు తిప్పకండి. ఐదారు డన్‌లు నిక్షేపంగా దాటిపోయి, అదే చోట చేప మాత్రం లేస్తూనే ఉంటే, అది డన్‌లని తినడం లేదు. ఎమర్జర్ కట్టండి.

ఇంకో పద్ధతి చేపల తొట్టికి వాడే చిన్న వల. దాన్ని సగం నీటిలో, సగం పైన ఉండేలా ప్రవాహానికి ఎదురుగా ఒక నిమిషం పట్టుకుంటే పొరలో కొట్టుకొచ్చే తొక్కలూ స్పిన్నర్లూ చిక్కుతాయి. నాలుగు డాలర్ల వల ఇరవై డాలర్ల ఫ్లైల కంటే ఎక్కువ చెబుతుంది.

ఏ నెలలో ఏ పురుగు వస్తుంది?

నీటి వేడిని బట్టి వారం పది రోజులు అటూఇటూ అవుతుంది. కింద ఇంగ్లిష్ పేర్లతో ఉన్నవాటిలో క్యాడిస్, మిడ్జ్ అని చెప్పనివి మేఫ్లైలే. తేదీలు మారతాయి కాబట్టి క్యాలెండర్ కంటే థర్మామీటర్‌ని నమ్మండి.

ఏప్రిల్ మధ్యలో, నీరు 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దగ్గర పడుతుండగా క్విల్ గోర్డాన్ వస్తుంది. 1915లో చనిపోయిన థియోడోర్ గోర్డాన్ కట్టిన ఫ్లై పేరే ఈ పురుగుకి స్థిరపడింది. ఇది నీటి అడుగునే తొక్క విడిచి రెక్కలతో పైకి వస్తుంది. ఇలాంటప్పుడు నీటిమీద తేలే డ్రై ఫ్లై కంటే మునిగే వెట్ ఫ్లై బాగా పనిచేస్తుంది. అదే రోజుల్లో పగలంతా గ్రానమ్ అనే నల్లటి క్యాడిస్ మబ్బులా లేస్తుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో హెండ్రిక్‌సన్, హుక్కు సైజు 12 నుంచి 14 (ఈ లెక్క తర్వాతి ప్రశ్నలో ఉంది). మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజామునే లేచి పరిగెత్తక్కర్లేదు. 1916లో రాయ్ స్టీన్‌రాడ్ ఈ ఫ్లైని కట్టి, స్నేహితుడు ఏ.ఈ. హెండ్రిక్‌సన్ పేరు పెట్టాడు. ఆ సాయంత్రాలే దాని స్పిన్నర్లు పడతాయి, అప్పుడు రస్టీ స్పిన్నర్ కట్టాలి.

మే మధ్య నుంచి మార్చ్ బ్రౌన్, సల్ఫర్. సల్ఫర్ పసుపు నారింజ కలిసిన పురుగు, సాయంత్రాలు వస్తుంది. మొదట 14, 16 సైజువి, జూన్‌కి 18 సైజువి. క్యానన్స్‌విల్ ఆనకట్ట అడుగునుంచి చల్లనీళ్ళు వదులుతారు కాబట్టి డెలావేర్ వెస్ట్ బ్రాంచ్ ఎగువన ఇవి నడి ఎండాకాలంలో కూడా వస్తాయి. మే ఆఖరు, జూన్ మొదటి రోజుల్లో గ్రీన్ డ్రేక్, సైజు 8 నుంచి 10. పెన్సిల్వేనియాలో పెన్స్ క్రీక్ దీనికే పేరుమోసింది. ఆ వారం అక్కడ గట్టున కాలు పెట్టే చోటుండదు. దాని తెల్లటి స్పిన్నర్‌ని కాఫిన్ ఫ్లై అంటారు.

జులై, ఆగస్టుల్లో ఉదయాన్నే ట్రైకో స్పిన్నర్లు, సైజు 22, 24. పగటిపూట గడ్డిలోంచి జారిపడే చీమలు, పెంకుపురుగులు నీటి పురుగుల కంటే ఎక్కువ పనికొస్తాయి. సెప్టెంబరులో ఐసోనికియా. అక్టోబరులో, అలాగే ఏప్రిల్‌లో, ముసురు పట్టిన రోజుల్లో బ్లూ వింగ్డ్ ఆలివ్. ఎండ కాసే రోజు దానికోసం వెళ్ళి నిరాశపడకండి. మిడ్జ్‌లు మాత్రం జనవరిలోనూ ఉంటాయి.

హుక్కు సైజు, టిపెట్ లెక్కలేమిటి?

అంకె పెరిగేకొద్దీ హుక్కు చిన్నదవుతుంది. 10 పెద్దది, 22 బియ్యపు గింజ కంటే చిన్నది. టిపెట్ అంటే ఫ్లైకి కట్టే చివరి సన్నటి తీగ. 11 లోంచి దాని ఎక్స్ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం. హుక్కు సైజుని మూడుతో భాగిస్తే దాదాపు సరైన టిపెట్ తెలుస్తుంది. 16కి 5ఎక్స్, 18కి 6ఎక్స్, 12కి 4ఎక్స్. టిపెట్ మరీ మందమైతే ఫ్లై బిగుసుకుపోయి పక్కకి లాగుతుంది. మరీ సన్నమైతే పెద్ద ఫ్లై గాల్లో గిరగిరా తిరిగి తీగ మెలికలు పడుతుంది.

రంగు ఎంత ముఖ్యం?

సైజు మొదటిది, ఆకారం రెండోది, రంగు ఆఖరిది. షాపుల్లో మనల్ని ఆకట్టుకునేది రంగే, అందుకే క్రమం తలకిందులవుతుంది. చేప కిందనుంచి చూస్తుంది కాబట్టి రెక్కల రంగు కంటే పొట్ట రంగు దానికి ముఖ్యం. పురుగుని పట్టుకుని వెల్లకిలా తిప్పి, పొట్టని ఫ్లైతో పోల్చండి. వీపు కంటే పొట్ట దాదాపు ఎప్పుడూ లేతగా ఉంటుంది.

మొదటి పెట్టెలో ఏ ఫ్లైలు పెట్టుకోవాలి?

నింఫ్‌లలో ఫెజంట్ టెయిల్ 14, 16, 18. ఇంగ్లండ్‌లో ఏవన్ నది కాపలాదారు ఫ్రాంక్ సాయర్ దీన్ని దారం లేకుండా రాగి తీగతోనే కట్టేవాడు. తీగే బరువు, తీగే కట్టు. దానితో హేర్స్ ఇయర్ 12, 14, 16. తేలేవాటిలో ఆడమ్స్ 12 నుంచి 18. 1922లో మిచిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఈ ఫ్లై ఏ ఒక్క పురుగుకీ అచ్చు నకలు కాదు, బూడిదరంగు మేఫ్లైలన్నిటికీ సరిపోతుంది. ఎల్క్ హెయిర్ క్యాడిస్ 14, 16. పసుపు కంపారాడన్ 16, 18. రస్టీ స్పిన్నర్ 14, 18. మిడ్జ్‌లకి గ్రిఫిత్స్ న్యాట్ 20, జీబ్రా మిడ్జ్ 18, 20. వూలీ బగ్గర్ 8, పురుగుకి కాదు, చిన్న చేపకీ జలగకీ బదులు.

ఒక్కో సైజులో మూడేసి ఉంచుకోండి. ఒకటి చెట్టుకి, ఒకటి రాయికి పోతుంది. ఒకే ఒక్కటి ఉంటే, చేపలు అదే తింటున్నప్పుడు దాన్ని విసరడానికి చెయ్యి రాదు.

పైన ఏమీ లేవకపోతే ఏం చేయాలి?

ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే. బరువు నింఫ్‌ని అడుగుకి చేర్చాలి. ఇండికేటర్ (తీగ మీద తేలే గుర్తు బెండు) నుంచి ఫ్లై దాకా నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు తీగ వదలండి. ఫ్లైకి 15 నుంచి 20 సెంటీమీటర్ల పైన చిన్న సీసం గుండు, లేదా 16 సైజు ఫ్లై మెడలో 2.4 మి.మీ. టంగ్‌స్టన్ పూస. అప్పుడప్పుడూ అడుగు రాయి తగలాలి. అసలు తగలకపోతే బరువు చాల్లేదు, ప్రతిసారీ ఇరుక్కుంటుంటే బరువెక్కువ. ఇండికేటర్ ఆగినా, తడబడినా వెంటనే కర్ర ఎత్తండి. చేపేనా అని ఆలోచించేలోపు అది ఉమ్మేస్తుంది.

సరైన ఫ్లై వేసినా చేప దగ్గరికొచ్చి వెనక్కి తిరిగిపోతోంది. ఎందుకు?

చాలాసార్లు ఫ్లై తప్పు కాదు, డ్రాగ్. ఫ్లై పడ్డ చోట నీరు నెమ్మదిగా, లైన్ (కర్ర నుంచి వచ్చే లావు దారం) పడ్డ చోట వడిగా ఉంటే లైన్ ఫ్లైని లాక్కుపోతుంది. వేలెడు దూరం లాగినా చేపకి తెలిసిపోతుంది. చేపకి దిగువన, కాస్త పక్కగా నిలబడి వేయండి. లైన్ నీటిమీద పడగానే దాని పొట్టభాగాన్ని ఎగువకి ఎత్తి వేయండి, దీన్నే మెండ్ అంటారు. టిపెట్ ఇంకో అడుగున్నర పొడిగించండి. అప్పటికీ తినకపోతే ఒక సైజు చిన్న ఫ్లై కట్టండి. రంగు మార్చడం అన్నిటికంటే చివర.

ఎల్క్ హెయిర్ క్యాడిస్ ఇంట్లో ఎలా కట్టాలి?

1957లో ఆల్ ట్రోత్ పెన్సిల్వేనియాలో రూపొందించిన ఫ్లై ఇది. 16 సైజు డ్రై ఫ్లై హుక్కు, 8/0 సైజు సన్నటి దారం, సన్నటి లోహపు తీగ, గోధుమరంగు డబ్బింగ్ (దారం మీద నులిమే బొచ్చు పీచు), గోధుమరంగు కోడి మెడ ఈక ఒకటి, ఎల్క్ బొచ్చు కావాలి.

హుక్కు కన్ను వెనక రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదిలేసి అక్కణ్ణుంచి వంపు దాకా దారం చుట్టండి. వంపు దగ్గర తీగ కట్టండి. డబ్బింగ్‌ని దారం మీద పలచగా నులిమి ముందుకి చుట్టండి. ఈక పోగుల పొడవు హుక్కు నోటి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు మించకూడదు. ఈకని ముందు కట్టి, ఐదారు చుట్లలో వెనక్కి తీసుకెళ్ళి, తీగని ఎదురు దిశలో ముందుకి చుడుతూ ఈకని బిగించండి. ఆ తీగ వల్లే చేప పళ్ళకి ఈక ఊడిపోదు.

ఇక బొచ్చు. అగ్గిపుల్ల మందం కుచ్చు కత్తిరించి, మొదట్లో ఉండే ఉన్నిలాంటి నూగుని దువ్వెనతో పూర్తిగా దులపండి. నూగు మిగిలితే కట్టు జారుతుంది, ఫ్లై కూడా నీళ్ళు పీలుస్తుంది. కుచ్చుని స్టాకర్ అనే చిన్న గొట్టంలో వేసి కొట్టి కొసలు సమానం చేయండి. కొసలు హుక్కు వంపు దాకా వచ్చేలా పెట్టి, రెండు చుట్లు వదులుగా వేసి, మూడోది నేరుగా కిందికి లాగి బిగించండి. వేళ్ళతో కుచ్చుని పట్టుకునే ఉండాలి. మొదటి చుట్టే బిగిస్తే బొచ్చు హుక్కు చుట్టూ తిరిగిపోతుంది. నాలుగైదు చుట్లు వేసి ముడి వేశాక, ముందు మిగిలిన మొదళ్ళని చిన్న తలలా కత్తిరించండి. సాధారణంగా జరిగే తప్పు కన్ను దాకా కట్టుకుపోవడం. అప్పుడు టిపెట్ దూర్చడానికి చోటుండదు. రెండోది బొచ్చు ఎక్కువ పెట్టడం. అప్పుడు ఫ్లై పక్కకి ఒరుగుతుంది.

తేలడానికి వాడే జెల్‌ని దీనికి పూయొచ్చు. సీడీసీ అనే బాతు ఈకలతో కట్టిన ఫ్లైలకి మాత్రం జెల్ వద్దు, పోగులు అతుక్కుపోతాయి. వాటికి ఆరబెట్టే పొడి వాడండి.

ఇండియా నుంచి కోడి ఈకలు, నెమలీకలు తెచ్చుకోవచ్చా?

నెమలీకలు వద్దు. ఇండియా నుంచి వాటి ఎగుమతి నిషేధం. కోడి ఈకలు సూట్‌కేసులో తేవడానికి కూడా అమెరికా వ్యవసాయ శాఖ ఆంక్షలున్నాయి. శుద్ధి చేసిన ఇండియన్ నెక్ హ్యాకిల్ ఇక్కడి దుకాణాల్లోనే చౌకగా దొరుకుతుంది. దాని పోగులు మెత్తగా ఉండి నీళ్ళు పీలుస్తాయి కాబట్టి వెట్ ఫ్లైలకి బాగుంటుంది. డ్రై ఫ్లైలకి ఇందుకోసమే పెంచిన కోళ్ళ ఈకలు కొనండి.

ఎండాకాలంలో ఎప్పుడు ఆపేయాలి?

నీరు 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటితే ఆపేయండి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ. పోరాడి అలిసిన చేప మన చేతిలోంచి ఈదుకుంటూ వెళ్ళినా తర్వాత చచ్చిపోవచ్చు. జులైలో మధ్యాహ్నం కొలిచి, మళ్ళీ తెల్లవారి కొలిచి చూడండి. తేడా ఆశ్చర్యపరుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా ముల్లు నొక్కేసిన హుక్కు వాడి, చేతులు తడుపుకుని, చేపని నీటిలోనే విడిపించాలి.

లైసెన్సు కావాలా?

మూడు రాష్ట్రాల్లోనూ 16 ఏళ్ళు నిండినవాళ్ళకి సాధారణంగా కావాలి. దానికి తోడు ట్రౌట్ కోసం న్యూజెర్సీలో స్టాంపు, పెన్సిల్వేనియాలో పర్మిట్ తీసుకోవాలి. కొన్ని భాగాల్లో కృత్రిమ ఎర మాత్రమే వాడాలి, పట్టినదాన్ని వదిలేయాలి. గట్టున చెట్లకి కొట్టిన బోర్డులు చదివాకే నీళ్ళలోకి దిగండి.

ఇవే ఫ్లైలు ఇండియాలో పనిచేస్తాయా?

ట్రౌట్ ఉన్న చోట పనిచేస్తాయి. కశ్మీరులో, హిమాచల్‌లోని తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్, నీలగిరుల్లో, మున్నార్‌లో రెయిన్‌బో ట్రౌట్ బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలినవే. బేటిస్ కుటుంబం మేఫ్లైలు, వల అల్లే క్యాడిస్‌లు, మిడ్జ్‌లు అక్కడి వాగుల్లోనూ ఉంటాయి. ఫెజంట్ టెయిల్, హేర్స్ ఇయర్, చిన్న ఆడమ్స్ పట్టుకెళ్తే చాలు. గోదావరి, కృష్ణల నీరు ట్రౌట్‌కి మరీ వెచ్చన. కానీ మన తూర్పు కనుమల వాగుల్లో రాయి తిప్పినా ఈ కుటుంబాల పురుగులే కనిపిస్తాయి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు వాటిమీద గుర్తుపట్టడం సాధన చేయొచ్చు.